మీ సేవలో ఈసీ: కంప్యూటర్లు కలిశాయి, కార్యాలయాలు ఇంకా కలవాలి

హైదరాబాదులో ఇల్లు, ఫ్లాటు, ప్లాటు ఏది కొనదలచుకున్నా ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), అంటే ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాల వంటి లావాదేవీల జాబితా, లేకుండా అడుగు ముందుకు పడదు. బ్యాంకు అప్పు ఇవ్వాలన్నా, అన్నదమ్ములు ఆస్తి పంచుకోవాలన్నా, బిల్డరుతో అభివృద్ధి ఒప్పందం రాసుకోవాలన్నా మొదట అడిగేది ఈసీనే. న్యాయవాది కార్యాలయంలో ఆస్తి పత్రాలు పరిశీలించడం నా వృత్తి కాబట్టి, మీ సేవ కేంద్రాల ద్వారా అందే ఈసీ, దస్తావేజు నకళ్ల సేవను నేను ఎంతోకాలంగా దగ్గరనుంచి చూస్తున్నాను. ఎవరైనా అడిగితే నా అభిప్రాయం ఇది. రికార్డులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, త్వరగా, తక్కువ ఖర్చుతో చేతికి ఇవ్వడంలో ఇది మన రాష్ట్రంలోని మంచి ప్రభుత్వ సేవల్లో ఒకటి. అయితే ఆ రికార్డు రెండు మూడు కార్యాలయాల మధ్య చీలిపోయి ఉన్నా, అందులో ఒక తప్పు దొర్లినా, ఈ సేవ మనల్ని సగం దారిలో ఆపేస్తుంది. ఆ రెండో సగం గురించే ఎక్కువగా రాయాలి, ఎందుకంటే కొనుగోలుదారులు నష్టపోయేది అక్కడే.

ముందుగా బాగున్నవి చెప్పాలి. మీ సేవ కేంద్రంలో సేవలను రెండు రకాలుగా విభజించారు. రికార్డు ఇప్పటికే కంప్యూటరులో ఉండి, ఎవరి విచారణా అవసరం లేకుండా కౌంటరు దగ్గరే ఇవ్వగలిగినవి ఒక రకం. తహసీల్దారో, మున్సిపల్ అధికారో పరిశీలించి ఆమోదించాల్సినవి రెండో రకం. ఈసీ మొదటి రకంలోకి వస్తుంది. ఆస్తి ఏ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పరిధిలో ఉంది, ఇంటి నంబరు లేదా సర్వే నంబరు ఏమిటి, హద్దులేమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలి అన్న వివరాలు దరఖాస్తులో సరిగ్గా నింపి ఇస్తే, రద్దీ లేని పూట కూర్చున్న కుర్చీ లేవకముందే పత్రం వస్తుంది. లావాదేవీలు ఉంటే పదిహేనో నంబరు ఫారంలో, ఏవీ లేకపోతే పదహారో నంబరు ఫారంలో ఇస్తారు. ఆస్తి ఉన్న ప్రాంతపు కేంద్రానికే వెళ్లాలన్న నియమం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నవారు సంగారెడ్డి జిల్లాలోని ప్లాటుకు ఈసీని తమ వీధి చివరి కేంద్రంలోనే తీసుకోవచ్చు. ప్రత్యేకమైన కాగితం మీద, అధికారి డిజిటల్ సంతకంతో, దరఖాస్తు నంబరుతో వస్తుంది కాబట్టి, ఆ పత్రం నిజమైనదో కాదో పుచ్చుకునేవారు ఆ నంబరుతో వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. నకిలీ ఈసీలతో మోసపోయిన కుటుంబాలను చూసినవాడిగా ఈ ఒక్క సదుపాయం ఎంత విలువైనదో నేను గట్టిగా చెప్పగలను.

ఈ సౌకర్యం ఒక్కరోజులో రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ అనే పేరుతో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టి, దస్తావేజుల నమోదును, ఈసీల జారీని వాటి మీదకు మార్చింది. దానికి ముందు పదిహేనేళ్ల సూచికలను లావు పుస్తకాల నుంచి కంప్యూటరులోకి ఎక్కించారు. ఈరోజు కంప్యూటరు ఈసీ 1983 నుంచి మాత్రమే దొరకడానికి కారణం అదే. అంతకు ముందరి కాలానికి ఈసీ కావాలంటే ఇప్పటికీ సంబంధిత కార్యాలయంలో పుస్తకాలు తిరగేయించాల్సిందే. ఆ తరువాత 1999లో జంటనగరాల్లో ట్విన్స్ అనే ప్రయోగం, 2001లో ఈసేవ, 2011లో మీ సేవ వచ్చాయి. కరెంటు బిల్లు కట్టే కౌంటరులోనే రిజిస్ట్రేషన్ శాఖ, రెవెన్యూ శాఖ, పురపాలక శాఖ పత్రాలు కూడా దొరకాలన్న ఆలోచన అలా స్థిరపడింది. శాఖలన్నీ ఎవరి గోడల మధ్య వాళ్లు కంప్యూటర్లు పెట్టుకోకుండా, ఉమ్మడి డేటా కేంద్రం, ఉమ్మడి నెట్‌వర్కు, ఉమ్మడి కౌంటరు వాడుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది.

ఇప్పుడు ఈసీ కాగితాన్ని దగ్గరగా చూద్దాం. ఒక్కో లావాదేవీకి ఒక వరుస ఉంటుంది. మొదటి గడిలో గ్రామం లేదా కాలనీ పేరు, వార్డు-బ్లాకు, సర్వే నంబరు, ప్లాటు, ఇల్లు, అపార్ట్‌మెంటు, ఫ్లాటు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు ఉంటాయి. పక్క గడిలో మూడు తేదీలు ఉంటాయి: రిజిస్టరు అయిన తేదీ, దస్తావేజు రాసుకున్న తేదీ, కార్యాలయంలో దాఖలు చేసిన తేదీ. తరువాత లావాదేవీ స్వభావం, మార్కెట్ విలువ, ప్రతిఫలం మొత్తం. ఆ తరువాత రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు. చివరి గడిలో వాల్యూము, పేజీ, సీడీ నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం. అడుగున ఒక్కోసారి లింకు దస్తావేజుల, అంటే అదే ఆస్తికి సంబంధించిన ముందటి దస్తావేజుల, నంబర్లు కూడా కనిపిస్తాయి. చాలామంది పేర్లు, తేదీలు చూసి కాగితం మడిచి పెట్టేస్తారు. నేను మొదట చూసేది మొదటి గడిని. ఎందుకంటే కంప్యూటరు వెతికేది ఆ గడిలో టైపు చేసిన అక్షరాలను, అంకెలను, భూమిని కాదు.

హైదరాబాదు ఇళ్ల నంబర్ల సంగతి తెలిసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. వార్డు, బ్లాకు, ఇల్లు, దాని మీద ఒక బై నంబరు, ఆ పైన ఒక అక్షరం, ఇలా గీతలతో, అడ్డగీతలతో సాగే నంబరును ఒక దస్తావేజులో ఒక రకంగా, తరువాతి దస్తావేజులో ఇంకో రకంగా రాస్తారు. మొదటి అమ్మకం నాటికి అది ఖాళీ స్థలం కాబట్టి సర్వే నంబరు, ప్లాటు నంబరు ఉంటాయి. రెండో అమ్మకం నాటికి ఇల్లు లేచి మున్సిపల్ నంబరు వస్తుంది. మూడో అమ్మకం నాటికి అపార్ట్‌మెంటు వచ్చి, ఆ పేరే ప్రధానమవుతుంది. ముగ్గురు వేర్వేరు డాక్యుమెంట్ రైటర్లు ఒకే నేలను మూడు విధాలుగా వర్ణిస్తే, ఒక్క ఇంటి నంబరుతో తీసిన ఈసీలో ఆ మూడింట్లో ఒకటే కనిపించవచ్చు. ‘లావాదేవీలు లేవు’ అని వచ్చిన ఈసీకి అర్థం ‘మీరు ఇచ్చిన వివరాలతో వెతికితే ఏమీ దొరకలేదు’ అని మాత్రమే.

ఒక కుటుంబం కొనబోతున్న ఫ్లాటు విషయంలో నాకు ఇదే ఎదురైంది. అమ్మేవారి చేతిలో ఉన్న విక్రయ దస్తావేజు అసలైనదే, ముద్రలూ సంతకాలూ అన్నీ సక్రమంగానే ఉన్నాయి, కానీ ఈసీలో ఆ దస్తావేజు జాడ లేదు. నగరంలోని ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఎన్నో ఏళ్ల కిందట దాన్ని నమోదు చేసేటప్పుడు ఇంటి నంబరు గడిని ఖాళీగా వదిలి, సర్వే నంబరు మాత్రమే నింపారని తరువాత తేలింది. తేల్చింది ఎవరో కాదు, మీ సేవ కౌంటరులో కూర్చున్న ఆపరేటరు అమ్మాయి. ‘సార్, లింకు డాక్యుమెంట్ నంబరు ఏమైనా ఉందా, దాంతో కొట్టి చూద్దాం’ అని అడిగి, స్థలం మొదట కొన్న పాత దస్తావేజు నంబరు పట్టుకుని, అక్కడి నుంచి సర్వే నంబరు తీసి, మళ్లీ వెతికింది. ఆ నైపుణ్యం ఆమెకు ఏ మాన్యువలూ నేర్పలేదు, రోజూ వచ్చే జనం ఇబ్బందులు చూసి తనంతట తాను నేర్చుకుంది. అయితే ఆ ఖాళీ గడిని నింపే అధికారం ఆమెకు లేదు, ఆమె కేంద్రానికి లేదు, డేటా కేంద్రానికీ లేదు. దాని కోసం దస్తావేజు నమోదైన కార్యాలయానికే వెళ్లి, దరఖాస్తు పెట్టి, అసలు పుస్తకంతో పోల్చి చూపించి దిద్దించుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. తప్పు దస్తావేజులోనే ఉంటే రెండు పక్షాలూ కలిసి సవరణ దస్తావేజు రాసుకోవాలి. దస్తావేజు సరిగ్గా ఉండి, కంప్యూటరులో ఎక్కించినప్పుడు తప్పు పడితే, అది కార్యాలయం సరిదిద్దాల్సిన పని. ఈ తేడా తెలియక, ఎప్పుడో అమ్మి వెళ్లిపోయినవారి కోసం ఊళ్లు తిరిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

కార్యాలయాలు ఒకరి రికార్డును ఒకరికి తెలియజేయాలన్న ఆలోచన కంప్యూటరుతో పుట్టింది కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. ఆస్తి కొంత తన సబ్ జిల్లాలో, కొంత పక్క సబ్ జిల్లాలో ఉంటే, దస్తావేజు నమోదు చేసిన సబ్ రిజిస్ట్రారు ఒక మెమోరాండం తయారుచేసి ఆ రెండో కార్యాలయానికి పంపాలని, అక్కడివారు దాన్ని ఒకటో నంబరు పుస్తకంలో దాఖలు చేసుకోవాలని 64వ సెక్షను చెబుతుంది. ఆస్తి వేరే జిల్లాలోకి కూడా విస్తరించి ఉంటే, దస్తావేజు నకలును, ప్లాను ఉంటే దాని నకలును ఆ జిల్లా రిజిస్ట్రారుకు పంపాలని 65వ సెక్షను చెబుతుంది. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని 57వ సెక్షను హామీ ఇస్తుంది. నూరేళ్లు దాటిన ఈ సెక్షన్లు నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తాయి. ఎవరు ఎవరికి పంపాలి, అందుకున్నవారు ఎక్కడ ఉంచాలి, చూసే హక్కు ఎవరికి ఉంది అన్న ప్రశ్నలకు అవి సూటిగా జవాబిస్తాయి. మన ఉమ్మడి కంప్యూటరు వ్యవస్థకు లోపించింది అంత స్పష్టతే.

జిల్లాల మార్పుల దగ్గర ఈ లోటు ఇంకా బాగా తెలుస్తుంది. ఉదాహరణకు కూకట్‌పల్లిని తీసుకుందాం. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడేవరకు ఆ ప్రాంతం హైదరాబాదు జిల్లాలో ఉండేది. ఆ తరువాత రంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లింది. నేల కదలకుండానే దస్తావేజుల్లో మూడు జిల్లాల పేర్లు పడ్డాయి. మధ్యలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల పరిధులూ మారుతూ వచ్చాయి. కాబట్టి ఇప్పటి కార్యాలయం పేరుతో మాత్రమే ఈసీ తీసి ఊరుకోకూడదు. చేతిలో ఉన్న పాత దస్తావేజు ఏ కార్యాలయం ముద్రతో ఉందో చూసి, ఆ కార్యాలయం పేరుతో కూడా ఈసీ అడగాలి. నగరపాలక సంస్థ అయిన జీహెచ్ఎంసీ 2007 ఏప్రిల్‌లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను కలుపుకుని ఏర్పడింది. రెవెన్యూ లెక్కలో హైదరాబాదు జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లే. నగరంలో ఉన్నామనుకునేవారిలో చాలామంది రెవెన్యూ పరంగా పక్క జిల్లాలవారు. ఇక ఒకే ఇంటికి ఆస్తిపన్ను శాఖలో ఒక నంబరు, జలమండలిలో క్యాన్ అనే కనెక్షన్ నంబరు, విద్యుత్తు సంస్థలో యూఎస్సీ అనే కనెక్షన్ నంబరు, రిజిస్ట్రేషన్ శాఖలో ఇంటి నంబరు, రెవెన్యూలో సర్వే నంబరు. రిజిస్ట్రేషన్‌తోపాటే ఆస్తిపన్ను రికార్డులో పేరు మారే ఏర్పాటు తెచ్చినప్పుడు ఎంతో మేలు జరిగింది. అదే పద్ధతిలో ఈ నంబర్లన్నిటినీ ఒక్క చోట కట్టివేసే పని చేస్తే, ఈసీ వెతకడంలోని సగం కష్టం తీరిపోతుంది.

శివార్లలో భూమి కొనేవారు ఇంకొక చీలికను గమనించాలి. 2020 సెప్టెంబరులో రాష్ట్రవ్యాప్తంగా రిజిస్ట్రేషన్లు ఆపి, అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టలును ప్రారంభించి, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను తహసీల్దార్లకు అప్పగించారు. వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లు న్యాయస్థానంలో వివాదం తరువాత అదే ఏడాది డిసెంబరులో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనే పాత కార్డ్ పద్ధతిలో మళ్లీ మొదలయ్యాయి. 2025లో భూభారతి చట్టం వచ్చి, ఏప్రిల్ 14న ధరణి స్థానంలో అదే పేరుతో కొత్త పోర్టలు ప్రారంభమైంది. శంకర్‌పల్లి, ఘట్‌కేసర్ వంటి చోట్ల నిన్నటి పొలం నేటి లేఅవుటు. దాని చరిత్ర 2020 వరకు సబ్ రిజిస్ట్రారు దగ్గర, ఆ తరువాత పొలంగా ఉన్నంతకాలం తహసీల్దారు దగ్గర, వ్యవసాయేతర భూమిగా మారిన తరువాత మళ్లీ సబ్ రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది. మీ సేవలో తీసిన ఒక్క ఈసీతో ఈ కథ మొత్తం తెలియదు. భూభారతిలోని లావాదేవీల వివరాలను విడిగా తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేదీల వారీగా చదవాలి. రెండు వ్యవస్థలూ ఒకే ప్రభుత్వానివి. రెండింటినీ కలిపి ఒకే తేదీల వరుసలో ఇచ్చే పత్రం ఒకటి ఉంటే, పిల్లల చదువుకో, పెళ్లికో దాచుకున్న డబ్బుతో స్థలం కొనే మనిషికి అంతకన్నా రక్షణ ఉండదు.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా జరుగుతోందో కూడా చూడాలి. అమెరికాలో ఆస్తి పత్రాలు నమోదు చేసేది చాలావరకు కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వాలే. అయోవా రాష్ట్రంలోని 99 కౌంటీలలో ఒక్కోదానికి ఒక ఎన్నికైన రికార్డరు ఉంటారు. ఆ రికార్డర్లు ఒప్పందం చేసుకుని అన్ని కౌంటీల పత్రాలనూ ఒకేచోట వెతికే ఉమ్మడి వెబ్‌సైటు నడుపుతున్నారు. వాషింగ్టన్ రాష్ట్రం 2004లో చీనీ పట్టణంలో ప్రత్యేకంగా డిజిటల్ ఆర్కైవ్స్ నెలకొల్పి, తన 39 కౌంటీలలో చాలావాటి నమోదు పత్రాల ప్రతులను అక్కడ భద్రపరుస్తోంది. అక్కడ వెతుకులాటకు ప్రధానమైన దారి పేర్లే: ఇచ్చినవారి పేరు, పొందినవారి పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందో వెనకో, పూర్తిగానో పొడి అక్షరాలుగానో వస్తుంది కాబట్టి ఆ పద్ధతి మనకు యథాతథంగా పనికిరాదు. తీసుకోవాల్సింది మరొకటి. చిన్న కౌంటీలు విడివిడిగా భరించలేని కంప్యూటరు ఖర్చును పంచుకున్నా, రికార్డు ఎవరిదో, దాన్ని దిద్దే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించుకుని ఆ తరువాత పంచుకున్నాయి. మన దగ్గర ఉమ్మడి వ్యవస్థ పైనుంచి వచ్చింది, అందుకే అన్ని జిల్లాలకూ ఒకేసారి, ఒకే రూపంలో అందింది. ఇది మనకున్న బలం. కానీ కౌంటరు దగ్గర తప్పు బయటపడినప్పుడు ఏ అధికారి, ఎన్ని రోజుల్లో సరిచేయాలో చెప్పే కాగితం పౌరుడి చేతికి రావడం లేదు.

నా కోరికలు పెద్దవేమీ కావు. ఈసీలో లోపం కనిపిస్తే అక్కడికక్కడే కౌంటరులో ఫిర్యాదు నమోదు చేసి, నంబరు ఇచ్చి, అది నేరుగా సంబంధిత సబ్ రిజిస్ట్రారు తెర మీదకు వెళ్లేలా చేయాలి. ఆయన పుస్తకం తీసి చూసి దిద్దిన తరువాత, పాత అక్షరాలు చెరిపివేయకుండా, ఎప్పుడు ఎవరు దిద్దారో కూడా కనిపించేలా ఉంచాలి. లేకపోతే దిద్దుబాటు పేరుతో మోసానికి తలుపు తెరిచినట్టవుతుంది. ఈసీ మీద ఏ ఏ వివరాలతో వెతికారో పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. కౌంటరు సిబ్బందికి లింకు దస్తావేజులతో వెతకడంలో శిక్షణ ఇవ్వాలి, ఆ పనికి తగిన వేతనం ఉండేలా చూడాలి. ఈ వ్యవస్థ మీద జనానికి నమ్మకం నిలబడిందంటే ఆ సిబ్బంది ఓపిక వల్లే.

అంతవరకు ఈసీ తీసుకునేవారు ఇలా చేస్తే మంచిది. ముందు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో లాగిన్ అయి ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరు-ప్లాటు నంబరుతో ఒకసారి, చేతిలో ఉన్న దస్తావేజు నంబరుతో ఒకసారి వెతికి, వచ్చినవాటిని పోల్చుకోండి. ఏ వివరాలతో ఎక్కువ లావాదేవీలు కనిపించాయో ఆ వివరాలతోనే మీ సేవలో సంతకంతో ఉన్న ఈసీ తీసుకోండి. ఈసీలో కనిపించిన ప్రతి ముఖ్యమైన దస్తావేజుకూ ధృవీకృత నకలు తీసుకుని, విస్తీర్ణం, హద్దులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడండి. తనఖా ఉంటే, దాన్ని విడుదల చేసిన దస్తావేజు కూడా ఈసీలో కనబడాలి. అప్పు తీరిపోయిందని బ్యాంకు ఇచ్చిన ఉత్తరం ఒక్కటే చాలదు. ఆస్తి మూలం 1983కు ముందుదైతే, కార్యాలయంలో పుస్తకాలు వెతికించి ఇచ్చే ఈసీకి వేరుగా దరఖాస్తు చేసి, అది చేతికి వచ్చిన తరువాతే బయానా ఇవ్వండి.